గడపయొద్ద కావలి

గడచిన మాసమున ఈ శీర్షిక క్రింద వంటయింటి పొగను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసము వంటయింటినుండి పెరటికిని, పెరటినుండి పొలమునకును పోవలెనని సంకల్పించితిమి. మన పాఠకురాండ్రలో పెక్కుమంది సేద్యపు కుటుంబములవారు. పట్టణములలో కాపురమున్నవారికిని పుట్టినింటనో అత్తవారింటనో పొలము పుట్రయు, గొడ్డు గోదయు ఉండనే యుండును. కావున ఈ విషయము అందరికిని సంబంధించినదే.

వ్యవసాయము సాత్త్వికమైన వృత్తి యనియు, పల్లెగాలి ఆరోగ్యమునకు మంచిదనియు మనము చిన్ననాటినుండి వినుచున్నాము. గాలి మంచిదే. కాని అంతర్జాతీయ కార్మిక సంస్థవారు మిక్కిలి అపాయకరములైన మూడు వృత్తులను ఎంచి, గనుల పనితోను కట్టడపు పనితోను వ్యవసాయమును గూడ చేర్చియున్నారు. పాము కరచుట, పురుగుమందు తలకెక్కుట, మోటారువద్ద విద్యుత్తు తగులుట, వడదెబ్బ, నూర్పిడి యంత్రమున చేయి పోవుట – వీనిలో ఒకటైనను ఎరుగని పల్లె యున్నదా? అయినను వీనిని మనము ప్రాప్తమనియు, నుదుటివ్రాత యనియు చెప్పుకొని ఊరకుందుము. ఒక్కొక్కదానికి కారణము కలదు. ఆ కారణము ముందుగా కంటికి కనబడునదే. కనబడుదానిని వ్రాత యనుట న్యాయము కాదు.

మిల్లులో పనిచేయువాడు సాయంకాలము మిల్లు గేటు దాటి ఇంటికి వచ్చును. పొలమునకును ఇంటికిని నడుమ గేటు లేదు. గడప ఒక్కటే కలదు. మందుసీసాయు, దానిలో తడిసిన బట్టలును, ధాన్యపు బస్తాలును, వానివెంట ఎలుకయు, ఎలుకవెంట పామును ఆ గడప దాటియే లోనికి వచ్చును. మగవారును, బిడ్డలును, పలుమారు మనమును ఆ గడప దాటియే ఎండలోనికి పోవుదుము. ఆ గడపయొద్ద నిత్యము నిలిచియుండునది గృహిణి. అందును అక్షరజ్ఞానము గల గృహిణి నిలిచియున్నచో ఆ ఇంటికి కావలి యున్నట్లే. ఈ మాసము మేము చెప్పదలచినది ఈ యొక్క మాటయే.

లోనికి వచ్చునవి

మొదట సీసాను గూర్చి చెప్పెదము. 2013వ సంవత్సరము జులై నెలలో బీహారు రాష్ట్రమునందలి సారణ్ జిల్లాలో ఒక గ్రామపాఠశాల పిల్లలు మధ్యాహ్న భోజనము చేసి, 23 మంది మరణించిరి. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలినది. అది చేలలో చల్లు మందు. చేలోని వస్తువు వంట వస్తువుతో కలియుటయే ఆ ఘోరమునకు మూలము.

ఇట్టి కలయిక మన యిండ్లలో ఎంత సులభమో ఆలోచింపుడు. మందు మిగిలినచో చిన్న సీసాలోనికి వంపి అటకమీద పెట్టుదురు. డబ్బా గట్టిది కదా యని కడిగి ఉప్పునకో, కిరసనాయిలునకో, పశువుల దాణాకో వాడుదురు. పొలమునకు నీరు పట్టుకొనిపోవుటకు గూడ దానినే వాడువారు లేకపోలేదు. మందు కొలుచుటకు వంటయింటి గరిటె తీసికొనిపోయి, తిరిగి కడిగి తెచ్చి పెట్టుదురు. కడిగినంతమాత్రమున ఆ డబ్బా శుభ్రపడదు. ప్లాస్టిక్కు పీల్చుకొనిన మందు కొంత అందులోనే నిలిచియుండును.

కావున మూడు కట్టుబాట్లు చేసికొనవలెను. మందు ఎన్నడును తాను వచ్చిన డబ్బానుండి వేరొక పాత్రలోనికి మారరాదు. కొలతకు, కలుపుటకు ప్రత్యేకమైన పాత్రయు కఱ్ఱయు చేనివద్దనే యుండవలెను. అవి ఇంటికి రారాదు. ఖాళీయైన డబ్బాను పొలమువద్దనే మూడుసారులు నీటితో తొలిచి, ఆ నీటిని చల్లు మందులోనే కలిపివేసి, పిదప మేకుతో దానికి చిల్లులు పొడువవలెను. చిల్లులు పడిన డబ్బాను ఎవరును నీటికి వాడజాలరు. దానిని కాల్చరాదు, కాలువలో పారవేయరాదు.

ఇక మన చదువుయొక్క ప్రయోజనము. మన దేశమున 1968వ సంవత్సరపు క్రిమిసంహారక మందుల చట్టమును, 1971వ సంవత్సరపు నియమములును కలవు. వాని ప్రకారము ప్రతి డబ్బాపైనను మూలమీద నిలువబెట్టిన చతురస్రము ఒకటి ఉండవలెను. దాని అడుగు సగము రంగును చూడుడు. ఎఱుపు మిక్కిలి తీవ్రమైన విషము. పసుపు తీవ్ర విషము. నీలము నడిమి రకము. ఆకుపచ్చ కొంచెము తక్కువది. ఎఱుపు గుర్తు గలదానిపై పుఱ్ఱెయు ఎముకలును గూడ ముద్రించియుండును. ఆకుపచ్చ యనగా నిరపాయమని అర్థము కాదు. తక్కువ విషమని మాత్రమే అర్థము. డబ్బాతో కూడ మడచిన కాగితమొకటి వచ్చును. ఏ పైరునకు ఎంత వేయవలెనో, విషము తగిలిన లక్షణములేవో, విరుగుడు ఏదో అందు ప్రాంతీయ భాషలలో గూడ వ్రాసియుండవలెను.

ఆ కాగితము సాధారణముగా చేనిగట్టుననే పారవేయబడును. దానిని చదువువారు లేరు. అక్షరములు మిక్కిలి చిన్నవి; మగవారికి తొందర; కూలివారికి చదువు రాదు. సోదరీమణులారా, ఆ కాగితమును మీరు అడిగి తీసికొనుడు. రాత్రి భోజనములైన తరువాత దీపమువద్ద బిగ్గరగా చదువుడు. మామగారికి ఎదురు చెప్పరాదని మనకు నేర్పియున్నారు. కాని చీటి చదివి వినిపించుట ఎదురు చెప్పుట కాదు. "మామయ్యగారూ, ఈ మందు చల్లిన తరువాత ఇన్నినాళ్లు కాయ కోయరాదని వ్రాసియున్నది" అని కోడలు మెల్లగా చదివినచో కోపగించుకొను పెద్దలు అరుదు. మఱునాడు కూలిస్త్రీలు వచ్చినప్పుడు ఆ మాటయే వారికిని చెప్పుడు. మందు కలుపుటకు బిందెలతో నీరు మోయునది వారే. ఆ చేనిలో మఱునాడు కలుపు తీయునదియు వారే. చదువు మన యింట దీపమైనచో దాని వెలుతురు వారి చేతులమీద గూడ పడవలెను.

2017వ సంవత్సరమున మహారాష్ట్రమునందలి యవత్మాళ్ జిల్లాలో ప్రత్తిచేలకు మందు చల్లుచు ఇరువదిమందికి మించి రైతులును కూలీలును మరణించిరి. వందలకొలది ఆసుపత్రుల పాలైరి. ఆ యేడు ప్రత్తి మనిషి యెత్తు పెరిగినది. పైకి చల్లిన మందు ముఖముమీదనే పడినది. రెండు మూడు మందులు కలిపి చల్లిరి. ముఖమునకు గాని చేతులకు గాని ఆచ్ఛాదనము లేదు. ప్రత్తియు మిరపయు పండించు మన గుంటూరు, పల్నాడు, వరంగల్లు ప్రాంతములవారు ఈ సంగతిని పరుల కథగా చదువరాదు.

విషము నోటినుండియే పోవునని మనము తలతుము. చేలలో చల్లు మందు ఎక్కువగా చర్మమునుండి పోవును. చెమట పట్టిన వేళ మఱింత త్వరగా పోవును. వీపున తగిలించుకొన్న డబ్బానుండి కారిన మందు చొక్కాను తడిపి, ఆ తడి రోజంతయు ఒంటిని అంటియుండును. అందుచేత తెల్లవారుజామునగాని, ఎండ తగ్గిన పిమ్మటగాని, గాలి వీపువైపునుండి వీచునట్లు నిలిచి చల్లవలెను. నిండు చేతుల చొక్కాయు, రబ్బరు తొడుగులును, కండ్లకు అద్దములును, ముక్కునకు నోటికి ఆచ్ఛాదనమును ఉండవలెను. "ఈ ఎండలో అవన్నియు ఎట్లు తొడిగికొందుము?" అని మగవారందురు. ఆ మాట నిజమే. కావుననే వేళను మార్చవలెనని చెప్పుచున్నాము. చల్లని వేళ పని చేసినచో తొడుగులు భరింపదగును. చల్లునంతసేపు చుట్ట, బీడీ, ఆకువక్క ముట్టరాదు.

చల్లి వచ్చినవారు గడప దాటకముందే, బావివద్దనో పెరటి చివరనో, సబ్బుతో స్నానము చేసి బట్టలు మార్చుకొనవలెను. బిడ్డను ఎత్తుకొనుట ఆ తరువాతనే. ఆ బట్టలను ఇంటి బట్టలతో, ముఖ్యముగా పసివాండ్ర బట్టలతో కలుపరాదు. వేరు బకెట్టులో, చేతికి తొడుగు వేసికొని, సబ్బుతో రెండుమారులు ఉతికి ఎండలో ఆరవేయవలెను. ఉతికిన నీరు చెరువులోనికి, పశువుల కుడితితొట్టిలోనికి పోరాదు. కడుపుతో నున్నవారును, పాలిచ్చు తల్లులును మందు కలుపుపనికి, తడియారని చేనికి పోనే రాదు. ప్రకాశము జిల్లాలో పొగాకు కొట్టు సోదరీమణులకును ఒక మాట. మంచుకు తడిసిన పచ్చియాకునుండి పొగాకుసారము చర్మముగుండ ఒంటికెక్కి తలనొప్పి, వాంతులు, తల తిరుగుట కలిగించును. అది దిష్టి కాదు. ఆకు ఆరిన పిమ్మట కోయుటయు, తడిసిన చీర వెంటనే మార్చుకొనుటయు దానికి మందు.

ఇప్పుడు చెప్పబోవు మాట కొంత బరువైనది. మందు ఇంటిలో ఉండవలసివచ్చినచో దానికి తాళము గల పెట్టె యుండవలెను. ఆ పెట్టె పడకగదికిని వంటయింటికిని దూరముగా ఉండవలెను. ఇది పసివాండ్రకొఱకు మాత్రమే కాదు. అప్పు, పంటనష్టము, అవమానము, మాటపట్టింపు – వీనివలన పెద్దవారి మనస్సు ఒక్కొక్కప్పుడు చీకటిపడును. ఆ చీకటి చాలమారులు కొద్దిసేపటిదే. ఆ కొద్దిసేపు విషము చేతికి అందకున్నచో నిండుప్రాణము నిలుచును. శ్రీలంకలో 1995వ సంవత్సరమునుండి మిక్కిలి తీవ్రమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుచు వచ్చిరి. తరువాతి పదియేండ్లలో అచ్చటి ఆత్మహత్యలు సగమునకు తగ్గినవి. మనుష్యుల కష్టములు తగ్గలేదు; విషము దూరమైనది, అంతియే. తాళపుచెవి గృహిణి కొంగున ఉండుట మంచిది. ఇంటివారిలో ఎవరైన మాటాడుట మాని ముభావముగా నున్నచో, దగ్గర కూర్చుండి కష్టమేమో అడుగుటయు, వైద్యునికి చూపుటయు సిగ్గుపడవలసిన పనులు కావు.

విషము తగిలినచో గుర్తించుట యెట్లు? విపరీతముగా చెమట పట్టుట, నోట చొంగ, కంట నీరు కారుట, వాంతులు, చూపు మసకబారుట, కంటిపాప సన్నబడుట, కండలు అదురుట, ఊపిరి బరువగుట – ఇవి సాధారణముగా కనబడు గుర్తులు. వెంటనే బట్టలు విప్పించి, ఒడలు సబ్బునీటితో కడిగి, 108కి కబురు చేయుడు. కుంకుడుకాయ రసము పోసి వాంతి చేయించుట మన వాడుక. అది చేయరాదు. స్మృతి తప్పుచున్నవానికి వాంతి చేయించినచో విషము ఊపిరితిత్తులలోనికి పోయి మఱింత అపాయము కలిగించును. ఉప్పునీరు, చింతపండు పులుసు, నేయి – ఏదియు పోయరాదు. స్పృహ లేనివానిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, మందుడబ్బానో దాని చీటినో వైద్యునికి చూపుటకు వెంట తీసికొనిపోవలెను. వైద్యుడు ఏ విరుగుడు ఇయ్యవలెనో ఆ చీటియే చెప్పును.

ధాన్యపు గదిని గూర్చి ఒక హెచ్చరిక. పురుగు పట్టకుండుటకు బస్తాలలో వేయు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు గాలిలోని తేమ తగిలినంతనే విషవాయువును విడుచును. ఆ వాయువు గాలికంటె బరువైనది. గోడ బీటలగుండ, తలుపు సందులగుండ ప్రక్కగదిలోనికి ప్రాకును. దానికి విరుగుడు మందు లేదు. ఆ బిళ్లలు మనుష్యులు నిద్రించు ఇంటిలో ఏ గదియందును వాడరాదు. ధాన్యమును బాగుగా ఎండబోసి, ఎండిన వేపాకు కలిపి, బిగుతైన గాదెలో పోయుట మన పెద్దల పద్ధతి. ఇంటి గింజలకు అది చాలును.

ధాన్యమున్నచోట ఎలుక యుండును; ఎలుకయున్నచోటికి పాము వచ్చును. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకులు లెక్కకట్టిరి. అనగా ఏటికి 58,000 మంది. అందు సగము మరణములు జూను మొదలు సెప్టెంబరు వరకు గల వానకాలపు నెలలలోనివి. మరణములు హెచ్చుగా గల ఎనిమిది రాష్ట్రములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమును ఒకటి.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి – ఈ నాలుగే ఎక్కువ ప్రాణములు తీయునవి. వీనిలో కట్లపాము రాత్రివేళ ఇంటిలోనికి వచ్చి నేలపై పరుండినవారిని కరచును. ఆ కాటున నొప్పి గాని వాపు గాని అంతగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి యనియు, కనురెప్పలు వాలిపోవుచున్నవనియు లేచుదురు. ఆ గుర్తు చూచినంతనే పాముకాటని అనుమానింపవలెను. మంచముపై పరుండి దోమతెర అంచులను పరుపుక్రిందికి మడచి దోపుట దీనికి మంచి కాపుదల; దోమయు రాదు, పామును రాదు. పిడకలు, కట్టెలు, గడ్డివాము ఇంటిగోడకు ఆనించి వేయరాదు. వానిలో చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో తట్టవలెను. రాత్రి వెలుపలికి పోవునప్పుడు చేత దీపమును, కాలికి చెప్పులును ఉండవలెను.

కరచినచో కట్టు బిగించుట, కోయుట, నోటితో పీల్చుట, పసరు పోయుట, మంత్రగానికొఱకు కాచియుండుట – ఇవి యన్నియు కాలహరణములు. కొన్ని హానికరములు గూడ. కరవబడినవానికి ధైర్యము చెప్పి, కడియములు ఉంగరములు తీసివేసి, విరిగిన ఎముకకు కట్టినట్లు బద్దకట్టి ఆ కాలో చేయో కదలకుండ జేసి, నడిపింపక ఆసుపత్రికి చేర్చవలెను. అచ్చట ఇచ్చు విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాములకును ఒక్కటే. కావున పామును వెదకి చంపి తీసికొనిపోవ నక్కరలేదు. ఆ మందు పాముల విషమునుండియే తయారగును. చెన్నపట్టణమునకు సమీపమున 1978లో ఏర్పడిన ఇరుళవారి సహకార సంఘము పాములనుండి ఆ విషమును తీసి మందుశాలలకు ఇచ్చుచున్నది. మీ ఊరికి దగ్గరగా ఏ ప్రభుత్వాసుపత్రిలో ఆ మందు నిలువ యున్నదో తొలకరికి ముందే విచారించి, గోడమీద వ్రాసి పెట్టుకొనుడు. కాటు పడిన తరువాత విచారించుటకు వ్యవధి ఉండదు.

వెలుపలికి పోవువారు

2015వ సంవత్సరము మే నెలలో ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములలో వడగాలికి వేయిమందికి మించి మరణించిరి. వారిలో కూలినాలి చేయువారే పెక్కుమంది. దాహము వేసిన పిమ్మట త్రాగుట చాలదు. దాహము వేయకముందే త్రాగుచుండవలెను. కోస్తావారి తరవాణియు, తెలంగాణ రాయలసీమలవారి అంబలియు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగయు మన పెద్దలు పొలమునకు పంపినవి ఊరక కాదు. నీటిని, ఉప్పును రెండింటిని ఒంటికి చేర్చునవి. అవి లేనిచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదారయు, అర చెంచా ఉప్పును తలకొట్టి కలుపుడు. మధ్యాహ్నమున నీడపట్టున రెండు మూడు గంటలు పని నిలుపవలెను. ఒళ్లు కాలిపోవుచు, మాట తడబడుచు, మనుష్యుని గుర్తింపజాలకున్నచో అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒడలంతయు నీటితో తడిపి విసరుచు ఆసుపత్రికి పంపవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

పాడుబావిలోనికి, మూసిన పాతరలోనికి, గోబరు గ్యాసు గుంటలోనికి దిగి ఒకడు పడిపోవును. వానిని తీయుటకు అన్న దిగును; అన్నకొఱకు తండ్రి దిగును. ఒక్క ప్రాణము పోవలసినచోట మూడు పోవును. అచ్చట ప్రాణవాయువు తక్కువగనో, విషవాయువు నిండియో యుండును. కంటికి ఏమియు కనబడదు. నూతిలోపల ఆయిలు ఇంజను నడపినను విషవాయువు నిలుచును. దీపము దింపి చూచుట పూర్వపు పరీక్ష; కాని దీపము వెలిగినంత మాత్రమున విషవాయువు లేదని నమ్మరాదు; గ్యాసు గుంటవద్ద నిప్పే ప్రమాదము. పడిపోయినవానికొఱకు ఎవరును వట్టిచేతుల దిగరాదని ముందుగానే ఇంటిల్లపాదికిని చెప్పియుంచుడు. ప్రేమతో దిగువారే ముందు దిగుదురు. కావుననే ఈ మాట గృహిణి నోటనుండి రావలెను. నడుమునకు త్రాడు కట్టుకొని, పైన మనుష్యులు పట్టుకొనియున్నప్పుడే దిగవలెను. అగ్నిమాపకదళము వారిని పిలుచుట అంతకంటె మేలు.

మోటారువద్దకు తడికాళ్లతో, వట్టికాళ్లతో పోరాదు. స్టార్టరు డబ్బాకు భూమితీగ సరిగా ఉన్నదో లేదో ఏటికొకమారు తెలిసినవారిచేత చూపించవలెను. విద్యుత్తు తగిలినవానిని చేతితో ముట్టరాదు. ముందు కట్ట తీసి ప్రవాహము ఆపవలెను. అది సాధ్యము కానిచో ఎండిన కఱ్ఱతో తీగను త్రోయవలెను. తెగి నేలబడిన లైను తీగవద్దకు మాత్రము కఱ్ఱతోనైనను పోరాదు. దూరముగా నిలిచి విద్యుత్తుశాఖవారికి కబురు చేయవలెను.

నూర్పిడి యంత్రమువద్దను, గడ్డి కోయు యంత్రమువద్దను పనిచేయు స్త్రీలు చెంగు బిగించి దోపి, జడ ముడివేసికొని, గాజులు తీసి పోవలెను. తిరుగు కడ్డీకి చెంగు చిక్కినచో మనిషి విడిపించుకొను వ్యవధి ఉండదు. పొరబాటున వ్రేలు తెగి పడినచో దానిని పారవేయకుడు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్కు సంచిలో కట్టి, ఆ సంచిని మంచుగడ్డలపై నుంచి రోగితో పంపుడు. సకాలమున చేరినచో అదుకుటకు వీలుండవచ్చును. మంచు నేరుగా వ్రేలికి తగులరాదు.

ట్రాక్టరు బండి వడ్లకు గాని మనుష్యులకు కాదు. 2018వ సంవత్సరము జూను నెలలో యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలికి పోవుచున్న స్త్రీలతో నిండిన ట్రాక్టరు తొట్టి మూసీ కాలువలో తిరగబడి పదిమందికి మించి మరణించిరి. వారందరును ఆ ఉదయము వంట ముగించి, బిడ్డలకు అన్నము పెట్టి బయలుదేరినవారే కదా! మన పొలమునకు కూలివారిని పిలుచునప్పుడు వారు వచ్చు బండిని గూర్చి గూడ మనము అడుగవలెను. పసివాండ్రను ట్రాక్టరు చక్రముపై రేకుమీద కూర్చుండబెట్టుకొని ముద్దుచేయుట ఎన్నటికిని తగదు.

ఇవన్నియు చదివి, "తొడుగులకు, పెట్టెకు, దీపమునకు, చెప్పులకు డబ్బెక్కడిది? ఇంటి పెత్తనము మాచేత నున్నదా?" అని అడుగు పాఠకురాండ్రు ఉందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పైన చెప్పిన వానిలో సగము ఖర్చులేని పనులు: వేళ మార్చుట, బట్టలు వేరుచేయుట, డబ్బాకు చిల్లు పొడుచుట, కట్టెలమోపు జరుపుట, చీటి చదువుట. తక్కిన సగమునకు కావలసిన పైకము ఒక్క రాత్రి ఆసుపత్రి ఖర్చునకు సరిపోలదు. విత్తనములకు, ఎరువునకు, మందులకు లెక్క వ్రాయునప్పుడు ఆ లెక్కలోనే ఈ పద్దును గూడ చేర్పించుడు. మందు కొన్ననాడే తొడుగును కొనవలెను. ఎద్దుకు నాడా కొట్టించుటకు ఎవరును వెనుదీయరు. ఎద్దును తోలు మనిషి అంతకంటె తక్కువవాడా? పొలమున మనమును పనిచేయుదుము. నాటుటయు, కలుపు తీయుటయు, కోయుటయు, తూర్పారపట్టుటయు చాలవరకు స్త్రీలవే. ఆ శరీరములను గూర్చి మాటాడు అధికారము మనకు ఒకరు ఇయ్యనక్కరలేదు.

ఈ సంచిక చేరిన వారము దినములలో ఒక పని చేయుడు. మీ ఇంట పురుగుమందు ఎచ్చట నున్నదో వెదకుడు. అటకమీదనా, మంచముక్రిందనా, ఉప్పుడబ్బా ప్రక్కనా? దాని చతురస్రపు రంగు చూడుడు, చీటి చదువుడు, చీటి లేని సీసా యేదైన కనబడినచో దానిని ఎవరును వాడకుండ విడిగా తాళములో నుంచి, వ్యవసాయాధికారికి చూపి ఆయన చెప్పినట్లు చేయుడు. తక్కినవానిని గడపకు ఆవలకు చేర్చి తాళము వేయుడు. అంతటితో కావలి మొదలైనట్లే.

వచ్చు మాసమున పశువులనుండి మనుష్యులకు సంక్రమించు వ్యాధులను గూర్చియు, పాలు కాచి త్రాగవలసిన అవశ్యకతను గూర్చియు వ్రాయుదుము.